గజ్జికి కులం తెల్వదు

వాడ పిల్లల ఒంటిమీద గజ్జి చూసి "మీ జాతే అంత" అనే నోళ్లు ఇంకా మూతపడలేదు. గజ్జికి కులం తెల్వదు. కంటికానని పురుగు చర్మంలో దూరి గుడ్లు పెడుతది. ఇరుకు గదిలో ఆనుకుని పడుకునే వాళ్లందరికీ పాకుతది.

50 డిగ్రీల వేడి 10 నిమిషాలు తగిలితే పురుగూ చస్తది, గుడ్డూ చస్తది. చాకిరేవులో ఉబ్బకెక్కిన బట్టకు జరిగేదిదే. దుప్పట్లు, బట్టలు మసిలే నీళ్లలో వేసి ఎండలో ఆరేద్దాం. ఒంటికి మాత్రం ఆ వేడి వద్దు, చర్మం కాలుతది. డాక్టరు చెప్పినట్టు పెర్మెత్రిన్ మందు ఇంటిల్లిపాదీ ఒకేరోజు పూసుకోవాలె, వారానికి మళ్లీ పూయాలె.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల్లో చేర్చింది. నిర్లక్ష్యానికి గురైంది మన పిల్లలే! హాస్టల్ పిల్లలు బట్టలెక్కడ ఉడకబెట్టుకోవాలె? ప్రతి సంక్షేమ హాస్టల్లో వేడినీళ్లు, మనిషికో దుప్పటి, మందు వచ్చేదాకా సర్కారును నిలదీద్దాం.