గొలుసు తాకట్టు పెట్టకముందు



క్రిందటి నెలలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక తల్లి, అందరూ వెళ్లేవరకు గుమ్మము దగ్గరే నిలబడి ఉన్నది. చేతిలో మడతపెట్టిన కాగితము. "అయ్యగారూ, మా వాడు పాటలు ఇంట్లోనే రికార్డు చేస్తాడంట. ఈ కంప్యూటరు లేకపోతే కుదరదని టౌనులో షాపువాళ్లు రాసిచ్చారు. గొలుసు తాకట్టు పెట్టమంటారా?" అని అడిగింది. విప్పి చూశాను. లక్షా నలభై వేల రూపాయలు! వాళ్లది రెండెకరాల కౌలు సేద్యము.

సోమవారము సాయంత్రము వాళ్లింటికి వస్తానని చెప్పి పంపాను. ఇలాంటి కాగితాలు ఇప్పుడు చాలా ఇళ్లకు వస్తున్నాయి గనుక ఆ సాయంత్రము మేము చూసిన సంగతులే ఈ నెల వ్రాస్తున్నాను.

మల్టీట్రాక్ అంటే పెద్ద మర్మమేమీ లేదు. పాట ఒకసారి, కీబోర్డు ఒకసారి, డోలక్ ఒకసారి వేర్వేరుగా రికార్డు చేసి, తరువాత ఒకదానితో ఒకటి కలపడమే. 1979లో టియాక్ కంపెనీవారు మామూలు క్యాసెట్టు మీదనే నాలుగు ట్రాకులు రికార్డు చేసే పోర్టాస్టూడియో యంత్రాన్ని తెచ్చారు. ఇంట్లో కూర్చుని పాట కట్టుకొనే అలవాటు దానితోనే చాలామందికి అబ్బింది. ఆ పెట్టెతో పోలిస్తే ఈనాటి పాత లాప్‌టాప్ కూడా ఎంతో శక్తిగలది.

లెక్క వేసి చూడండి. మంచి నాణ్యతతో రికార్డు చేస్తే కంప్యూటరు ఒక సెకనుకు 48,000 సార్లు శబ్దాన్ని కొలుస్తుంది. ఒక్కొక్క కొలతకు మూడు బైట్లు పడుతుంది. అంటే ఒక ట్రాకుకు నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు. అయిదు నిమిషాల పాటకు ఎనిమిది ట్రాకులు వేస్తే 350 మెగాబైట్లకు లోపే. పది పాటలు, ఒక్కొక్కటి మూడుసార్లు పాడినా పది, పదకొండు గిగాబైట్లు దాటదు. ఆ ఇంట్లో బావగారిచ్చిన పాత లాప్‌టాప్ ఒకటి ఉన్నది. దానికి ఇది భారము కానే కాదు.

"మరి పాట మధ్యలో చిటపటమని ఎందుకొస్తుంది అయ్యగారూ? మిషను చాలదనే కదా!" అన్నాడు అబ్బాయి. మంచి ప్రశ్న. దానికి కారణము బఫర్.

కల్లము నుండి ఇంటికి ధాన్యము మోసే కూలివానిని తలంచుకోండి. చిన్న గంప ఇస్తే ధాన్యము వెంటవెంటనే ఇల్లు చేరుతుంది, కాని అతనికి తిరుగుళ్లు ఎక్కువై అలసి, కొంత దారిలో ఒలకబోస్తాడు. పెద్ద గంప ఇస్తే ఒలకబోయడు గాని ఆలస్యముగా వస్తాడు. కంప్యూటరు కూడా శబ్దాన్ని గంపలతోనే మోస్తుంది. ఆ ఒలికిన గింజలే మనకు వినబడే చిటపటలు. 256 కొలతల గంప పెడితే సెకనులో వెయ్యోవంతులు అయిదు పడుతుంది. 1024 పెడితే ఇరవై ఒకటి. రాను ఒకసారి, పోను ఒకసారి గనుక ఇది రెట్టింపవుతుంది. అప్పుడు పాడేవారికి తమ గొంతు తమకే వెనుకబడి వినిపించి తాళము తప్పుతుంది.

అబ్బాయి 64 కొలతల గంప పెట్టుకొని, ఎనిమిది ట్రాకులకూ ఎనిమిది రివెర్బ్‌లు తగిలించాడు. కూలివాడు ఏమి చేస్తాడు పాపము! రివెర్బ్ అంటే గదిలో మ్రోగే ప్రతిధ్వనిని లెక్కకట్టి కలిపే ఎఫెక్టు. గొంతులోని హెచ్చుతగ్గులను సర్దే కంప్రెసర్, మంద్రము తీక్ష్ణములను సరిచేసే ఈక్వలైజర్ తేలికైనవి. రివెర్బ్, అందులోను నిజమైన హాలు ప్రతిధ్వనిని నమూనాగా తీసుకొని పనిచేసే రకము, చాలా బరువు. మేము ఎనిమిదింటినీ తీసివేసి ఒకే ఒక రివెర్బ్ పెట్టి, అన్ని ట్రాకుల నుండి దానికి కావలసినంత పంపాము. రికార్డింగు అయిపోయిన పాట గనుక గంపను 1024 చేశాము. వైఫై ఆపాము. చిటపట ఆగిపోయింది. ఆ తల్లి ముఖము చూడవలసినదే!

ఎఫెక్టుల విషయములో నా తప్పు కూడా ఒప్పుకొనవలెను. ఒక క్రిస్మస్‌కు మా యౌవనస్థుల పాటలను నేనే దగ్గర కూర్చుని కలిపించాను. గొప్పగా ఉంటుందని రివెర్బ్ కుమ్మరించాను. విన్న ఒక ముసలమ్మ, "పాట బాగుంది అయ్యగారూ, బావిలో దిగి పాడారా? మాట ఒక్కటీ తెలియలేదు" అన్నది. చదువురానివారికి పాటలోని మాటే పుస్తకము. దానిని నేను పొగలో దాచాను. అప్పటినుండి ఎఫెక్టు ఉన్నదని వినేవారికి తెలిసిపోతే సగము తగ్గించడము అలవాటు చేసుకొన్నాను.

ఇక ఏమి కొనవలెను? మొదట, పాత హార్డుడిస్కు ఉంటే తీసివేసి ఎస్ఎస్‌డి వేయించండి. 256 గిగాబైట్లు చాలు. ర్యామ్ 8 గిగాబైట్లు ఉండేలా చూడండి. రెండవది, రెండు మైకులు పెట్టగల యుఎస్‌బి ఆడియో ఇంటర్‌ఫేస్. డైరెక్ట్ మానిటర్ అనే మీట ఉన్నదే తీసుకోండి. అది నొక్కితే గొంతు కంప్యూటరులోనికి వెళ్లి తిరిగి రాకుండా నేరుగా చెవికి వినిపిస్తుంది. అప్పుడు పెద్ద గంపతోనే రికార్డు చేసుకోవచ్చును, వేగమైన కంప్యూటరు అవసరము సగము తీరిపోతుంది. మూడవది, ఒక మంచి డైనమిక్ మైకు, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్.

గదికి డబ్బు అక్కరలేదు. ఫ్యాను ఆపి, పాడేవారి వెనుక, ప్రక్కల బొంతలు వ్రేలాడదీయండి. ఛార్జరు తీసి బ్యాటరీ మీద నడిపితే గుయ్‌మనే హోరు చాలాసార్లు పోతుంది. కరెంటు పోయినా పని ఆగదు. రికార్డు చేసినదానిని ఆ రాత్రే వేరొక డిస్కులోనికి కూడా కాపీ చేసుకోండి.

ప్రోగ్రాము సంగతి. ఖరీదైనదానిని తాళము పగలగొట్టి ఉచితముగా వేసి ఇస్తామనేవారు ఉన్నారు. అది దొంగసొత్తే. దానిలో కట్టిన పాట ఆరాధనకు తగదు. 2000 సంవత్సరము నుండి ఆడాసిటీ ఉచితముగానే దొరుకుతున్నది. 2022లో వచ్చిన 3.2 నుండి పాట వింటూనే ఎఫెక్టులు మార్చుకొనే వీలు కూడా అందులో ఉన్నది. రీపర్ అనేదానిని అరవై రోజులు ఉచితముగా పరీక్షించి, తరువాత సొంత వాడకానికి తక్కువ ధరకే కొనుక్కోవచ్చును.

పెద్ద కంప్యూటరు ఎవరికీ వద్దని నేను చెప్పడము లేదు. వయొలిన్ల గుంపు, పూర్తి డ్రమ్ములు అన్నీ కంప్యూటరులోనే వాయించేవారికి, వీడియో పని చేసేవారికి 16 గిగాబైట్లో, అంతకు మించిన ర్యామో, వేగమైన ప్రాసెసరో కావలసిందే. కాని అది సంపాదన మొదలైన తరువాతి మాట. ముందు చేతిలో ఉన్నదానితో ఒక పాట పూర్తి చేయండి. ఎక్కడ ఆగిపోయారో దానినే కొనండి.

ఆ ఇంటివారు మేకపిల్లలు అమ్మిన డబ్బుతో పైవన్నీ తెచ్చుకొన్నారు. షాపు కాగితములోని మొత్తములో నాలుగో వంతు కూడా కాలేదు. మొన్న ఆ అబ్బాయి మొదటి పాట వినిపించాడు. పాడింది తల్లి. చివరలో దూరాన ఎవరిదో కుక్క మొరిగింది. "తీసేయనా అయ్యగారూ?" అన్నాడు. ఉండనీయమన్నాను. పాటలో ప్రతి మాటా తెలుస్తున్నది.

ఆదివారము ఆమె మెడలో గొలుసు ఉన్నది. మీ ఇంటికి అలాంటి కాగితము వస్తే సంతకము చేయకముందు, ఈ పని తెలిసినవారిని ఒక సాయంత్రము ఇంటికి పిలిచి, ఉన్న మిషను ముందు కూర్చోబెట్టండి. సిగ్గుపడకండి.

వచ్చే నెల మళ్లీ కలుసుకొందాము.