తెర గీస్తే చాలదు, పల్లెకు వచ్చి చూడాలి

సెల్‌ఫోను తెర మీద బటన్ ఎక్కడుండాలి, అక్షరం ఎంత పెద్దదిగా ఉండాలి అని నిర్ణయించి గీసేవారిని డిజైనర్లంటారు. ఇప్పుడు వారి పనిలో కృత్రిమ మేధ ప్రవేశించింది. 2025 మే నెలలో ఫిగ్మా సంస్థ ‘ఫిగ్మా మేక్’ను, గూగుల్ ‘స్టిచ్’ను ప్రకటించాయి. కావలసింది మాటల్లో చెబితే నిమిషాల్లో తెర నమూనా సిద్ధమవుతున్నది.

వేగం మంచిదే. అయితే 2024లో ఫిగ్మా తెచ్చిన ఇలాంటి పరికరమే వాతావరణ యాప్ గీయమంటే ఆపిల్ కంపెనీ యాప్‌ను పోలినవి గీసింది. విమర్శలు రాగా సంస్థ దానిని తాత్కాలికంగా నిలిపివేసింది. ఎక్కడివో నమూనాలు మన రైతుకు అతుకుతాయా?

ఈనాడు పొలం వివరాలు, కరెంటు బిల్లు అన్నీ ఫోనులోకే చేరుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో ప్రారంభించింది. కాని ‘సబ్మిట్’ అనే పొట్టి మాటకు కొలిచి గీసిన బటన్‌లో ‘సమర్పించండి’ పట్టక చివరి అక్షరాలు తెగిపోవడం కద్దు. మిట్టమధ్యాహ్నం చేలో సన్న అక్షరం కనబడదు. సిగ్నలు అందక ఓటీపీ వచ్చేసరికి గడువు తీరుతుంది. ఇక పక్కింటి కుర్రాడే దిక్కు!

ఎవరో వచ్చి కళ్లారా చూసి చెబితే తప్ప ఈ ఇబ్బందులు యంత్రానికి తెలియవు. గీతపనిలో ఆదా అయిన రోజులను డిజైనర్లు రచ్చబండ వద్ద గడిపేలా చూడాలి. ఆ ఆదా చూపి మనుషులనే తగ్గిస్తే తప్పుల తెరలే త్వరత్వరగా వస్తాయి. ప్రభుత్వ యాప్ ఏదైనా విడుదలకు ముందు పదిమంది వృద్ధుల చేత నొక్కించి చూడాలని అధికారులు నిబంధన విధించవలసి ఉంది.