ఊరొచ్చిందని రోడ్డే చెప్పాలి

ఎన్టీఆర్ జిల్లా కలెక్టర్, జిల్లా రోడ్డు భద్రతా కమిటీ అధ్యక్షులు గారికి,



పెడనలో బయల్దేరి గుడివాడ, హనుమాన్ జంక్షన్, నూజివీడు మీదుగా విస్సన్నపేట చేరి, ఇక్కణ్ణుంచి లక్ష్మీపురం వెళ్లే దారికి ఇప్పుడు 216హెచ్ అని జాతీయ రహదారి నంబరుంది. ఇంకోవైపు సత్తుపల్లి దారి పట్టుకుంటే తెలంగాణలోకి వెళ్లిపోతాం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకు పోయింది, మేం మీ జిల్లాలో ఉన్నాం, సత్తుపల్లి ఎటూ ఖమ్మం జిల్లాదే. మూడు జిల్లాల బళ్లు మా ఊరి నడిమధ్య నుంచి పోతాయి. వాటిని నడిపేవాళ్లలో చాలామందికి విస్సన్నపేట దాటిపోవాల్సిన ఊరే కానీ దిగాల్సిన ఊరు కాదు. నేను రాస్తున్నది వాళ్ల వేగం గురించే.

రోడ్డు బాగుపడొద్దని మాలో ఎవరూ అనరు. గుంతల్లో నడుములు విరగ్గొట్టుకున్నది మేమే. కానీ ఒక మాట చెప్పక తప్పదు. ఏ ఊళ్లోనైనా రోడ్డు పాడై ఉన్నన్నాళ్లూ గుంతలే బళ్లను ఆపుతుంటాయి. నున్నటి తారు పడగానే ఆ పని చేసేది ఏదీ మిగలదు. ఊరి బయట ఉన్న వెడల్పు, ఊరి బయట ఉన్న నునుపు, తెల్ల గీతతో సహా ఊరి మధ్యకు వచ్చేస్తే, డ్రైవరు కాలు ఎందుకు తగ్గుతుంది? అతని కళ్లకు ఊరు మొదలైనట్టే ఉండదు. పక్కన '30' అని బోర్డు నిలబెట్టినా, కింద రోడ్డు మాత్రం 80లో పొమ్మనే చెబుతుంటుంది.

అసలు 30 ఎందుకో, 60 ఎందుకు కాదో లెక్క వేసి చూడండి. ఎదురుగా ఏదో అడ్డొచ్చిందని గమనించి బ్రేకు తొక్కడానికి మనిషికి ఒక సెకను పడుతుందనుకుందాం. పొడి తారు మీద 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ సెకనుతో కలిపి సుమారు 14 మీటర్లలో ఆగిపోతుంది. అదే 60లో వస్తే ఆ ఒక్క సెకనులోనే దాదాపు 17 మీటర్లు వచ్చేస్తుంది. అంటే 14 మీటర్ల దూరంలో బడిపిల్ల రోడ్డు మీదికి వస్తే, మొదటి కారు ఆమె ముందు ఆగుతుంది. రెండో కారు డ్రైవరు కాలు బ్రేకును తాకకముందే, వేగం ఏ మాత్రం తగ్గకుండా, ఆమెను చేరుతుంది. ఎంత మంచి డ్రైవరైనా ఆ సెకనును తగ్గించలేడు. లోడు లారీ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. పాదచారులూ సైకిళ్లూ బళ్లతో కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు మించకూడదని 2020లో స్టాక్‌హోంలో మంత్రుల స్థాయి సమావేశం ప్రకటించింది కూడా ఈ కారణంగానే.

మన చట్టం ఏమంటోంది? కేంద్రం 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మామూలు రోడ్ల మీద కారుకు 70, మోటారు సైకిలుకు 60, లారీకీ బస్సుకూ 60, ఆటోకు 50 గరిష్ఠ పరిమితి. ఊరి మధ్యలో వేరే పరిమితి పెట్టకపోతే ఇవే వర్తిస్తాయి. మామిడి కోతల రోజుల్లో సెంటరుకు ఓసారి వస్తే దీని అర్థం తెలుస్తుంది. కాయలతో ట్రాక్టర్లు, కూలీలను ఎక్కించుకున్న ఆటోలు, నున్న మార్కెట్టు వైపు పోయే మినీ లారీలు, వాటి మధ్యలోంచి కూరగాయల సంచులతో రోడ్డు దాటే ఆడవాళ్లు. అక్కడ 60లో వెళ్లిన లారీ వేగ పరిమితి దాటినట్టు కాదు.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో మూడింట రెండొంతుల వరకు ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవాళ్లూ నడిచిపోయేవాళ్లూ. 71 శాతం మరణాలకు కారణం 'అతివేగం' అని కేంద్ర నివేదిక రాసింది. ఆ మాట నిజమే, కానీ దానితో నాకొక పేచీ ఉంది. కారణం గడిలో అతివేగం అని నింపేస్తే తప్పంతా డ్రైవరు ఖాతాలోకి పోతుంది. అంత వేగాన్ని ఊళ్లోకి రానిచ్చిన రోడ్డును ఎవరూ అడగరు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 198ఎ సెక్షను, రోడ్డు డిజైను ప్రమాణాలు పాటించని సంస్థకైనా కాంట్రాక్టరుకైనా లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చంటోంది. ఆ సెక్షను కూడా డ్రైవర్ల చలానాల్లాగే గుర్తుండాలి.

ఇక స్పీడ్ బ్రేకర్లు. పల్లెల్లో ఎవరైనా బండి కింద పడి పోతే, దినం కాకముందే అక్కడ కాంక్రీటుతోనో కంకరతోనో ఒక దిమ్మ లేస్తుంది. అది సంతకాలు లేని అర్జీ. దాని వెనకున్న బాధను నేను తప్పు పట్టను. కానీ ఆ దిమ్మలు మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు ఉంటాయి. రంగు ఉండదు, ముందు బోర్డు ఉండదు. చీకట్లో బైకు మీద వెనక కూర్చున్న ఆడమనిషి ఎగిరి పడేది వాటి మీదే. 108 బండిలో ఉన్న రోగికీ అవే నరకం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత చాలా వేరు. 3.7 మీటర్ల వెడల్పున, నడిమధ్య 10 సెంటీమీటర్ల ఎత్తుతో, విల్లులా మెల్లగా లేచి మెల్లగా దిగాలి. 25 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడికి ఇబ్బందే ఉండదు, 50లో వచ్చేవాడికే కుదుపు. 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి.

అయితే మాకొక చిక్కుంది. జాతీయ రహదారుల మీద స్పీడ్ బ్రేకర్లు తీసేయమని కేంద్ర రవాణా శాఖ 2016లో ఆదేశించింది. నంబరు వచ్చిన గౌరవంతో పాటు ఈ నిషేధమూ వచ్చింది. వందలాది కిలోమీటర్లు పోయే బళ్ల మీద అడుగడుగునా దిమ్మలు వద్దనడం సబబే. కానీ రహదారి ఊరి మధ్య నుంచి పోతున్నప్పుడు, దిమ్మ వద్దన్నవాళ్లే దాని బదులు ఏం చేస్తారో చెప్పాలి కదా.

చేయడానికి ఉన్నాయి. ఊరి మొదట్లో, చివర్లో రోడ్డు మధ్య చిన్న డివైడరు కట్టి, దారిని కాస్త వంచి, ఇక్కడి నుంచి ఊరు అని కంటికి కనిపించేలా చేయడం మొదటిది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ అదే. బండి వెళ్లే తారును గీతలతో సన్నం చేసి, మిగిలిన మార్జిన్‌ను నడిచేవాళ్లకు కాలిబాటగా ఇవ్వొచ్చు. మనుషులు ఎక్కువగా దాటే చోట రోడ్డు మధ్యలో నిలబడే జాగా కడితే, ముసలివాళ్లు ఒకసారికి ఒక వైపు చూసుకుని దాటుతారు. రంబుల్ స్ట్రిప్స్ ఊరి బయటే వేయాలి. ఇళ్ల పక్కన వేస్తే రాత్రంతా ఆ దడదడకు నిద్ర ఉండదు, నెలలో ఎవరో ఒకరు వాటిని గునపంతో లేపేస్తారు. నిషేధం జాతీయ రహదారికే కనుక, పక్క దారులు దానిలో కలిసే మొగల్లో కొలత ప్రకారం హంపులు వేయొచ్చు. రోడ్స్ కాంగ్రెస్ వాటిని సూచించిన చోట్లలో అలాంటి మొగలు కూడా ఉన్నాయి.

ఆర్టీసీ బస్సులు ఆలస్యమవుతాయని ఎవరైనా అంటారేమో. ఊరి పొడవు రెండు కిలోమీటర్లనుకున్నా 60లో రెండు నిమిషాలు, 30లో నాలుగు నిమిషాలు. హైదరాబాదు బస్సుకైనా ఆ రెండు నిమిషాలు ఒక లెక్కా?

హెల్సింకిలో 2025 జూలై నాటికి ఏడాది పాటు రోడ్డు ప్రమాదంలో ఒక్కరూ చనిపోలేదు. సగానికి పైగా వీధుల్లో 30 పరిమితి పెట్టారు, వీధులను ఆ వేగానికి తగ్గట్టు మార్చారు. ఫిన్లాండ్ డబ్బున్న దేశం, మనకెక్కడిది అనొచ్చు. నేను పైన అడిగినవాటిలో సగం సున్నం గీతలతో, ఇసుక నింపిన డ్రమ్ములతో అయ్యే పనులే.

అందుకే నాది చిన్న కోరిక. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షను కింద ప్రజల భద్రత కోసం వేగ పరిమితి తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన వారికీ ఉంది. దానికి గెజిట్ నోటిఫికేషన్ కావాలి, బోర్డులు పెట్టాలి. కానీ ఆ సెక్షనులోనే ఒక వెసులుబాటు ఉంది: నెల రోజులకు మించని పరిమితికి గెజిట్ అక్కర్లేదు, బోర్డులుంటే చాలు. జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ రోజు నుంచి నెల పాటు విస్సన్నపేట ఊరి హద్దుల్లో 30 పరిమితి పెట్టించండి. రెండు చివర్లా డ్రమ్ములతో దారి సన్నం చేయించండి, సెంటర్లో జీబ్రా గీతలు గీయించండి. పెట్టకముందు వారం, పెట్టాక నెల పోలీసుల స్పీడ్ గన్‌తో వేగాలు కొలిపించి, ఆ అంకెలు పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. తగ్గితే గెజిట్‌కు పంపి, డ్రమ్ముల స్థానంలో కాంక్రీటు కట్టించండి. తగ్గకపోతే డ్రమ్ములు తీసేయండి, మేమేమీ అనుకోం.

జాతీయ రహదారుల ఇంజనీర్లు, రవాణా శాఖ, పోలీసులు, పంచాయతీ ఎవరి ఫైలు వాళ్లదిగా ఉంటారు. వాళ్లందరినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టే కుర్చీ మీదే కనుక మీకు రాస్తున్నాను. వచ్చే సమావేశం ఎజెండాలో విస్సన్నపేట పేరు చేర్చి, తేదీ పంచాయతీకి తెలియజేస్తే, సెంటరు వ్యాపారులూ ఆటోవాళ్లూ బడి పంతుళ్లూ వచ్చి ఎక్కడ ఎవరు రోడ్డు దాటుతారో మ్యాపు మీద చూపిస్తారు.

ఇట్లు,
విస్సన్నపేట వాసి