నిద్ర దండుగ కాదు!

పరీక్షలు దగ్గరపడగానే ఇళ్ళలోనూ, హాస్టళ్ళలోనూ ఒక మాట వినిపిస్తుంది: "నిద్రపోతే చదువెలా వస్తుంది?" రాత్రి 11 దాకా చదివి, తెల్లవారుజామున 4 గంటలకే లేచే విద్యార్థిని అందరూ మెచ్చుకుంటారు. ఈ మెప్పు సరైనదేనా?

నిద్రలో మెదడు పని మానేస్తుందన్నది మొదటి అపోహ. నిద్రలో కొంతసేపు మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదులుతాయని 1953లో అమెరికా శాస్త్రజ్ఞులు అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ ప్రకటించారు. అప్పుడు మెదడు దాదాపు మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉంటుంది. పగలు చదివినది జ్ఞాపకంలో స్థిరపడడానికి నిద్ర ఎంతో తోడ్పడుతుంది. నిద్ర మాని చదవడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే!

టీ తాగితే నిద్రతో పనిలేదన్నది రెండవది. మేలుకొని ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకొని మగత కలిగిస్తుంది. టీలోని కెఫీన్ దాని పనిని అడ్డుకుంటుందే గాని, దాన్ని తొలగించదు. అలసట దాగుతుంది, పోదు.

ఆలస్యంగా లేచేవాడు సోమరి అన్నది మూడవది. మీ వయసులో నిద్రకు సమయమైందని తెలిపే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. కావలసిన నిద్రేమో 8 నుంచి 10 గంటలు. 11కు పడుకొని 4కు లేస్తే దక్కేది 5 గంటలే! కాలిఫోర్నియాలో గ్రామీణ ప్రాంతాల్లో తప్ప, హైస్కూళ్ళు ఉదయం 8.30కు ముందు మొదలుకారాదన్న చట్టం 2022లో అమలులోకి వచ్చింది.

మరి మన హాస్టళ్ళలో 4 గంటలకే గంట ఎందుకు మోగాలి? ఈ ప్రశ్న మీ మాస్టార్లను వినయంగా, కారణాలతో సహా అడగండి.