రాత్రంతా మేలుకున్నవాడి పగటి నిద్ర

“పగలు పడుకోబాకన్నా, షుగరొస్తాది.”

ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త చెప్పిన జాగ్రత్త ఇది. అవతల ఉన్నది రొయ్యల గుంటల మీద కాపలా చేసే మనిషి. అప్పుడే నిద్ర లేచాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. “రాత్రంతా మేలుకోమని గుంట ఆసామి, పగలు పడుకోబాకని నువ్వు. మరెప్పుడు పడుకునేదమ్మా?” అన్నాడు. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లో ఈ మాటలు విన్నాను. ఆమె చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అతని ప్రశ్నకు మాత్రం మన వైద్య యంత్రాంగం దగ్గర జవాబు లేదు.

ఆమె మాటకు ఆధారం ఉంది. 2016లో మ్యూనిక్‌లో జరిగిన ఐరోపా మధుమేహ సదస్సులో టోక్యో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక క్రోడీకరణను సమర్పించారు. ఆసియా, పాశ్చాత్య దేశాలకు చెందిన మూడు లక్షల మందికి పైగా వివరాలు అందులో ఉన్నాయి. పగలు గంటకు మించి నిద్రపోయేవారిలో టైప్-2 మధుమేహం ముప్పు దాదాపు 45 శాతం ఎక్కువగా కనిపించింది. 40 నిమిషాల లోపు కునుకుతో అలాంటి సంబంధం కనబడలేదు. జనం నోట మిగిలింది మొదటి అంకె ఒక్కటే. ఆ పరిశోధనలోనే మరో అంకె ఉంది: పడుకున్నా పడుకోకపోయినా పగలంతా మత్తు వదలనివారిలో ముప్పు 56 శాతం ఎక్కువ. నా లెక్కలో ఇదే అసలు అంకె. పగటి నిద్ర అలవాటైతే మానుకోవచ్చు. పగటి మత్తు అలా కాదు, అది రాత్రి తీరని బాకీ.

ఆ రాత్రి ఎలా గడుస్తుందో చూడాలంటే వెనామీ రొయ్యల గుంట గట్టు మీద తెల్లవారుజామున నిలబడాలి. పగలు ఎండలో నీటిలోని సూక్ష్మమైన నాచు ప్రాణవాయువును విడుదల చేస్తుంది. చీకటి పడగానే ఆ నాచూ, రొయ్యా, అడుగు బురదా అన్నీ కలిసి దాన్నే పీల్చుకుంటాయి. రైతులు ‘డీవో’ అని పిలుచుకునే ఆ ప్రాణవాయువు మోతాదు బాగా పడిపోయేది సరిగ్గా తెల్లవారే ముందు. అందుకే మనిషి శరీరం గాఢనిద్ర కోరే వేళకు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు హోరెత్తుతూ ఉంటాయి. కాపలా మనిషి టార్చి వేసుకుని గట్టు చుట్టూ తిరుగుతాడు. రొయ్య నీటి పైకి తేలుతోందా, కరెంటు ఉందా, పోతే జనరేటర్ అందుకుందా అన్నదే ధ్యాస. అరగంట ఏమరితే ఒక పంటంతా పోతుంది. ఆ భయమే అతన్ని మేలుకొలిపి ఉంచుతుంది, దానికి తోడు గంటకో చక్కెర టీ. ఏరియేటర్ హోరు ఆగితే చాలు, షెడ్డులో మంచం మీద ఉన్నవాడు ఉలిక్కిపడి లేస్తాడు. నిద్రలో కూడా చెవి నీళ్ల మీదే ఉంటుంది.

ఇలాంటి రాత్రి ఒంటికి ఏం చేస్తుందో ప్రయోగాలు తేల్చి పాతికేళ్లు దాటింది. 1999లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతులైన 11 మంది యువకులను ఆరు రాత్రుల పాటు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. నెత్తుటిలోని గ్లూకోజును సర్దుబాటు చేసుకునే వేగం దాదాపు 40 శాతం తగ్గింది. వారం తిరక్కుండానే ఇంత మార్పు. ఇక ఏళ్ల తరబడి మేలుకుంటే? అమెరికాలో లక్షా 77 వేల మంది నర్సుల వివరాలతో 2011లో వెలువడిన అధ్యయనంలో ఒకటి రెండేళ్లు రాత్రి షిఫ్టులు మారుతూ పనిచేసినవారికి ముప్పు 5 శాతం పెరిగింది. పదేళ్లు దాటితే 40 శాతం, ఇరవై దాటితే 58 శాతం. బరువు పెరగడం వల్ల వచ్చిన వాటాను తీసేస్తే ఈ అంకెలు బాగా తగ్గుతాయి. అయినా ఇరవై ఏళ్ల వారికి 24 శాతం మిగిలింది.

కారణాలు మరీ చిక్కైనవేమీ కావు. మన క్లోమానికి ఒక గడియారం ఉంది. రాత్రివేళ అది ఇన్సులిన్ విడుదలను మందగింపజేస్తుంది. పగలు తిన్న అన్నమే అర్ధరాత్రి తింటే షుగర్ ఎక్కువసేపు పైనే ఉంటుంది. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది, నోరు తీపినీ పిండివంటల్నీ కోరుతుంది. తెల్లారి ఇంటికొచ్చి పులుసన్నం కడుపునిండా తిని వెంటనే ఒరిగితే, ఆ గ్లూకోజును వాడుకోవాల్సిన కండరాలు కదలకుండా ఉంటాయి.

ఆశ్చర్యమేమంటే, ఈ చివరి సంగతి మన పాత వైద్యులకు తెలుసు. పడక సుఖాన్నీ కూర్చున్న సుఖాన్నీ ప్రమేహ (మధుమేహం లాంటి రోగాల) కారణాల్లో చేర్చిన చరకుడే, పగటి నిద్ర ఎవరికి తగునో పెద్ద జాబితా ఇచ్చాడు: పసివాళ్లు, ముసలివాళ్లు, బరువులు మోసి, దారి నడిచి అలసినవాళ్లు, రాత్రి మేలుకున్నవాళ్లు. రాత్రులు పొట్టిగా ఉండే ఎండాకాలంలో అందరికీ మినహాయింపే. ఒళ్లున్నవాళ్లకూ, నెయ్యీ నూనే రోజూ దండిగా తినేవాళ్లకూ మాత్రం వద్దన్నాడు. మరో పాత వైద్యుడు వాగ్భటుడు కొలత కూడా చెప్పాడు. రాత్రి ఎంతసేపు మేలుకుంటే అందులో సగం మర్నాడు పొద్దున పడుకోవాలి, అదీ తినకముందే. ఆధునిక పరీక్షకు నిలబడని సంగతులు ఆ గ్రంథాల్లో చాలా ఉండొచ్చు. కానీ పగటి నిద్రను తప్పుపట్టే ముందు మనిషి రాత్రి ఏం చేశాడో వాళ్లు అడిగారు. మనం అడగడం మానేశాం.

పగటి నిద్ర కారణమా, లక్షణమా అన్నది మరో చిక్కు. షుగర్ ముదిరినవాడు రాత్రి నాలుగైదు సార్లు మూత్రానికి లేస్తాడు, నిద్ర చెడుతుంది, పగలు కునుకుతాడు. గురక పెట్టేవాడికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతుంటే మెదడు రాత్రంతా తెలియకుండానే మేలుకుంటుంది. అతనికి పగలు మత్తు, బీపీ, షుగర్ మూడూ కలిసి వస్తాయి. మన ఇళ్లలో గురకంటే గాఢనిద్ర అనుకుంటారు. ‘మా ఆయన మొద్దునిద్ర పోతాడు’ అని నవ్వుతూ చెప్పే ఇల్లాలు నిజానికి ఒక రోగలక్షణం చెబుతోంది. ఇలాంటివారిలో పగటి నిద్ర ఆపినంత మాత్రాన షుగర్ ఆగదు.

నెల్లూరు టౌన్లో కొట్టు మూసి, పప్పూ నెయ్యీ పులుసూ పెరుగూ వరసగా ముగించి, ఏసీ వేసుకుని రెండు గంటలు పడుకునే నిద్ర సంగతి వేరు. రాత్రి ఏడెనిమిది గంటలు సుఖంగా పడుకున్నవాడికి అది అక్కర్లేదు. భోజనమయ్యాక పావుగంట నడిస్తే షుగర్ దిగుతుందని పరీక్షల్లో తేలింది. కునుకు తప్పదనుకుంటే అరగంటకు అలారం పెట్టుకోవాలి. ‘పగలు పడుకోవద్దు’ అన్న సలహా సరిగ్గా సరిపోయేది ఇక్కడే. దాన్నే గుంట గట్టు మీదికీ, రాత్రి వేట ముగించి పడవ దిగిన పట్టపుకాపు ఇంటికీ తీసుకెళ్లడమే పొరపాటు.

మన పొరుగున చెన్నైలో జరిగిన అధ్యయనం ఒకటి ఈ తీర జిల్లాకు బాగా పనికొస్తుంది. డేటా ఎంట్రీ పనిచేసే 452 మంది పేదలను పరిశీలిస్తే, రోజూ ఎనిమిది గంటలు పక్క మీద ఉన్నా నిజంగా నిద్రపోయేది ఐదున్నర గంటలే అని తేలింది. ఉక్క, దోమలు, చప్పుడు. పక్క సదుపాయాలిచ్చి రాత్రి నిద్ర దాదాపు అరగంట పెంచినా పనిలో మెరుగు కనబడలేదు. పనిచోట మధ్యాహ్నం అరగంట కునుకు మాత్రం పనినీ మనసునూ బాగుచేసింది. ఈ ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. అది షుగర్ మీద జరిగిన అధ్యయనం కాదు. అయినా తగు కొలతలో పగటి కునుకు పేదవాడికి మందని చూపించింది.

దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని, మరో 13 కోట్ల 60 లక్షల మంది అంచున ఉన్నారని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. ముప్పును ముందే పసిగట్టడానికి మద్రాసు పరిశోధకులు 2005లో రూపొందించిన స్కోరులో నాలుగే ప్రశ్నలు: వయసు, నడుము కొలత, శ్రమ, తల్లిదండ్రులకు షుగర్ ఉందా. చవకైన, మంచి సాధనం. కానీ గుంటల మీద పనిచేసే ముప్పైమూడేళ్ల సన్నటి మనిషికి, ఇంట్లో ఎవరికీ షుగర్ లేకపోతే, వచ్చే మార్కులు బాగా తక్కువ. పదేళ్లుగా అతను రాత్రులు నిద్రపోలేదన్న సంగతి ఏ గడిలోనూ పడదు. ఆశా కార్యకర్త చేతిలోని కాగితానికి రెండు ప్రశ్నలు చేర్చడానికి ఖర్చేమీ కాదు: నెలలో ఎన్ని రాత్రులు పనిలో మేలుకుంటావు? గురక వస్తుందా? మొదటిదానికి ‘పదికి పైగా’ అన్నవారికి వయసుతో నిమిత్తం లేకుండా ఏటా షుగర్ పరీక్ష చేయాలి. కృష్ణపట్నం రేవులో, నేలటూరు థర్మల్ కేంద్రంలో రాత్రి షిఫ్టులు చేసేవారికీ ఇదే వర్తిస్తుంది. గుంటల యజమానులు చేయగలిగిందీ ఉంది: నాలుగు గుంటలకు ఒక్కడిని కాకుండా ఇద్దరిని పెట్టి అర్ధరాత్రి దగ్గర వంతు మార్చడం, డీవో పడిపోతే మోగే అలారం బిగించడం.

సముద్రం మీద వేటకు వెళ్లేవారి విషయంలో ఒక అవకాశం ఏటా దానంతటదే వస్తోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలకు వేట నిషేధం. అర్ధరాత్రి పడవ ఎక్కే మనిషి ఆ రెండు నెలలూ ఇంట్లో పడుకుంటాడు. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్షను నిషేధం మొదటి వారంలో ఒకసారి, చివరి వారంలో ఒకసారి చేస్తే, రాత్రి నిద్ర ఈ ఒళ్లకు ఏం చేస్తోందో మన తీరమే చెబుతుంది. ఆ రోజుల్లో సంపాదనా తిండీ శ్రమా కూడా తగ్గుతాయి కనుక వాటినీ రాసుకోవాలి. జువ్వలదిన్నె నుంచి మైపాడు దాకా పాళేల్లో ఈ పని మొదలుపెట్టొచ్చు. జనం ఊళ్లోనే ఉంటారు, పొద్దున్నే దొరుకుతారు.