తీవ్ర డైవర్టికులైటిస్: చికిత్స, ఫలితాలు

తీవ్ర డైవర్టికులైటిస్ అనగా పెద్దప్రేగు గోడకు ఏర్పడిన చిన్న సంచులకు ఆకస్మికంగా కలిగే వాపు. రక్తనాళాలు ప్రేగు గోడలోకి ప్రవేశించే చోట కండరం బలహీనంగా ఉంటుంది. అక్కడ లోపలి పొర వెలుపలికి ఉబ్బి ఈ సంచులు ఏర్పడతాయి. వయసుతో పాటు వీటి సంఖ్య పెరుగుతుంది. సంచులు ఉన్నంత మాత్రాన వ్యాధి ఉన్నట్లు కాదు. అవి గలవారిలో నూటికి ఐదుగురి కన్నా తక్కువ మందికే వాపు వస్తుందని 2013లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. ఈ వ్యాధి సోకిన ప్రతివారికీ యాంటీబయాటిక్ మందులు ఇవ్వాలన్న పాత నియమం 2012 తరువాత క్రమంగా సడలింది.

లక్షణాలు, వ్యాధి నిర్ధారణ

ఐరోపా, అమెరికా దేశాలలో ఈ సంచులు ఎక్కువగా పెద్దప్రేగు ఎడమవైపున, సిగ్మాయిడ్ అనే భాగంలో ఉంటాయి. అందువలన పొత్తికడుపు ఎడమవైపున నొప్పి వస్తుంది. జ్వరం, వికారం, మలబద్ధకం లేదా విరేచనాలు తోడు కావచ్చును. తూర్పు ఆసియా దేశాలలో కుడివైపు వాపు ఎక్కువ. దానిని అపెండిసైటిస్‌గా పొరబడే అవకాశం ఉంది.

సి.టి. స్కాన్‌లో చీముగడ్డ గానీ, ప్రేగుకు రంధ్రం గానీ కనిపించకపోతే దానిని సామాన్య రకంగాను, కనిపిస్తే క్లిష్ట రకంగాను పరిగణిస్తారు. చికిత్స ఈ విభజనపైనే ఆధారపడి ఉంటుంది.

సామాన్య రకానికి చికిత్స

సంచి ద్వారం మూసుకొనిపోయి, లోపల బాక్టీరియా పెరిగి, సూక్ష్మమైన రంధ్రం పడుట వలన వాపు వస్తుందని పూర్వం భావించేవారు. కనుక యాంటీబయాటిక్ తప్పనిసరి అనుకొన్నారు. అయితే ఈ నమ్మకాన్ని సరైన ప్రయోగాలతో పరీక్షించినది చాలా ఆలస్యంగానే.

స్వీడన్, ఐస్‌లాండ్ దేశాలలో 623 మంది రోగులపై జరిపిన పరిశోధన ఫలితాలు 2012లో వెలువడ్డాయి. రంధ్రం, చీముగడ్డ వంటి ఉపద్రవాలు మందు వాడనివారిలో 1.9 శాతం, వాడినవారిలో 1.0 శాతం. ఇంత స్వల్ప భేదం యాదృచ్ఛికంగా కూడా రావచ్చును. సంవత్సరం లోపల వ్యాధి తిరగబెట్టినవారు రెండు వర్గాలలోను సుమారు 16 శాతమే. నెదర్లాండ్స్‌లో 528 మందిపై జరిగి 2017లో ప్రచురితమైన పరిశోధనలోను కోలుకొనే కాలంలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. స్పెయిన్‌లో 480 మందిని ఇంటివద్దనే ఉంచి పరిశీలించగా, యాంటీబయాటిక్ లేకుండా చికిత్స పొందినవారిలో ఆసుపత్రిలో చేరవలసి వచ్చినవారు ఎక్కువగా లేరని 2021లో తేలింది.

ఈ ఫలితాలు అందరికీ వర్తించవు. స్కాన్ ద్వారా సామాన్య రకమని నిర్ధారణ అయి, ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్నవారికే ఇవి పరిమితం. రోగనిరోధక శక్తి తగ్గినవారికి, గర్భిణులకు, రక్తంలో విషక్రిములు వ్యాపించిన లక్షణాలు గలవారికి యాంటీబయాటిక్ ఇవ్వవలసినదే.

క్లిష్ట రకానికి చికిత్స

చిన్న చీముగడ్డలు మందులతోనే తగ్గవచ్చును. పెద్దవాటిలోని చీమును స్కాన్ సహాయంతో గొట్టం అమర్చి తీస్తారు. చీము లేదా మలం పొట్ట అంతటా వ్యాపిస్తే అత్యవసర శస్త్రచికిత్స అవసరం. పాడైన ప్రేగు భాగాన్ని తొలగించి, పైకొనను పొట్టపై మలద్వారంగా అమర్చే హార్ట్‌మన్ పద్ధతి చాలాకాలం వాడుకలో ఉంది. దీనికి బదులు ప్రేగును అప్పుడే కలిపి కుట్టే పద్ధతిని 2019లో ప్రచురితమైన ఒక పరిశోధన దానితో పోల్చింది. ఒక సంవత్సరం తరువాత పొట్టపై మలద్వారం లేకుండా జీవించి ఉన్నవారు కలిపి కుట్టినవారిలో 94.6 శాతం, హార్ట్‌మన్ వర్గంలో 71.7 శాతం. రక్తపోటు నిలకడగా ఉన్న రోగులపై మాత్రమే ఈ పోలిక జరిగింది.

తిరగబెట్టే వ్యాధి

రెండుసార్లు వ్యాధి వస్తే ఆ ప్రేగు భాగాన్ని తొలగించాలన్నది పూర్వపు సూత్రం. ఇప్పుడు ఎన్నిసార్లు వచ్చినదని గాక, రోగి జీవితం ఎంత దెబ్బతిన్నదని చూస్తారు. ఫిన్‌లాండ్‌లో 90 మందిపై జరిగి 2021లో తొలి ఫలితాలు వెలువడిన పరిశోధనలో, శస్త్రచికిత్స వర్గంలో వ్యాధి తిరిగి రావడం ఇతరుల కంటే చాలా తక్కువ. కానీ శస్త్రచికిత్స పొందినవారిలో సుమారు పదవ వంతుకు తీవ్రమైన ఉపద్రవాలు కలిగాయి. కనుక నిర్ణయం రోగితో చర్చించి తీసుకోవలసినది.

గింజలు, మొక్కజొన్న తినరాదన్న నిషేధానికి ఆధారం లేదని 47 వేలకు పైగా పురుషులను పరిశీలించిన అమెరికా అధ్యయనం 2008లో తెలిపింది.

ప్రాముఖ్యత

మందులకు లొంగని బాక్టీరియా కారణంగా 2019లో ప్రపంచవ్యాప్తంగా 12 లక్షల 70 వేల మంది మరణించినట్లు అంచనా. అవసరం లేని చోట యాంటీబయాటిక్ మానడం ఈ ముప్పును తగ్గించే మార్గాలలో ఒకటి. అయితే నొప్పిని సామాన్య రకమని స్వయంగా నిర్ణయించుకోవడం ప్రమాదకరం. జ్వరంతో కూడిన పొత్తికడుపు నొప్పికి వైద్యుని పరీక్ష, అవసరమైతే స్కాన్ తప్పనిసరి.