మైకు ముందు కయ్యం

శ్రోతను మర్యాదగా పలకరించడమే రేడియో పద్ధతి అనుకునే రోజుల్లో, అమెరికాలో జో పైన్ దాన్ని తలకిందులు చేశాడు. ఫోన్లో వాదించినవాణ్ణి బ్లేడ్లతో పుక్కిలించమనేవాడు. 1960లలో జనం ఆయన్ను తిట్టుకుంటూనే విన్నారు. డెన్వర్‌లో యూదు వ్యాఖ్యాత అలన్ బెర్గ్ జాత్యహంకారులను ప్రసారంలోనే కడిగేసేవాడు. 1984 జూన్ 18 రాత్రి, ఇంటి ముందు కారు దిగుతుండగా నయా నాజీ ముఠా ఒకటి ఆయన్ను కాల్చి చంపింది.

పాటలు ఎఫ్ఎంకు తరలిపోవడంతో ఏఎం స్టేషన్లకు మాటలే దిక్కయ్యాయి. వివాదాంశాల్లో ఎదుటి పక్షానికీ చోటివ్వాలన్న నిబంధనను 1987లో ఎత్తేశారు. మరుసటి ఏడే సంప్రదాయవాద వ్యాఖ్యాత రష్ లింబా గొంతు దేశమంతా మోగింది. 1994లో నలభై ఏళ్ల తర్వాత ప్రతినిధుల సభను గెలుచుకున్న రిపబ్లికన్లు, కొత్త సభ్యుల బృందంలో ఆయనకు గౌరవ సభ్యత్వం ఇచ్చారు. రాజకీయాల మీద వ్యాఖ్యానించేవాడు రాజకీయాలను నడిపే స్థాయికి చేరాడు.

రోజూ రాత్రి మన వార్తా చానళ్ల చర్చలు చూసేవారికి ఈ ధోరణి కొత్త కాదు. దాని పుట్టుపూర్వోత్తరాలే ఈ సంచిక ముఖచిత్ర కథనం. అందులోని అభిప్రాయాలతో విభేదిస్తే ఉత్తరం రాయండి, ప్రచురిస్తాం.

— సంపాదకుడు